బడి గణితంలో నైపుణ్య భావన: పావులూరి గణితం నుండి విద్యా ప్రమాణాల దాకా

వ్యాససంగ్రహం

బడిలో గణితం చదివే విద్యార్థి ఏయే నైపుణ్యాలు సంపాదించాలి అన్నది విద్యాశాస్త్రం ఇటీవల వేసుకొన్న ప్రశ్నగా కనిపిస్తుంది. తెలుగు నేలపై దీనికి దీర్ఘమైన చరిత్ర ఉంది. పావులూరి మల్లన అనువదించిన గణిత గ్రంథం, 19వ శతాబ్ది వీధిబడులు, వలసపాలన నాటి పరీక్షా విధానం, 2011 నాటి రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం అనే నాలుగు దశలలో ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాత చదువు కేవలం బట్టీ, కొత్త చదువు కేవలం ఆలోచన అనే విభజన చారిత్రకంగా నిలవదని, పాత చదువును స్వర్ణయుగంగా భావించడం కూడా అంతే నిరాధారమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గణితసార సంగ్రహం, పావులూరి మల్లన, వీధిబడి, ఎక్కాలు, భిన్నాంకాలు, కొలమానాలు, విద్యా ప్రమాణాలు

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలలో గణిత గ్రంథాల ప్రస్తావన సాధారణంగా ఒకటి రెండు పేరాలకు మించదు. అవి కావ్యాలు కావు కనుక సాహిత్య విమర్శ వాటిని పక్కన పెట్టింది. అవి పద్యాలలో ఉన్నాయి కనుక గణిత విద్యా పరిశోధన వాటి జోలికి పోలేదు. రెండు శాఖల మధ్య మిగిలిపోయిన ఈ ఖాళీ వల్ల ఒక నష్టం జరిగింది. పాఠశాల గణితం గురించి నేడు జరిగే చర్చలో తెలుగు సమాజపు అనుభవానికి చోటు లేకుండా పోయింది. నైపుణ్యాల జాబితాలు బయటి నుండి రావడం, వాటిని ఉపాధ్యాయులు పట్టికలలో నింపడం, విద్యార్థులు పరీక్షల కోసం ఎప్పటి పద్ధతిలోనే చదవడం జరుగుతున్నది.

నైపుణ్యం అనే మాటకు ఇక్కడ ఒక పరిమితార్థం చెప్పుకోవాలి. ఒక సూత్రం తెలిసి ఉండడం జ్ఞానం. ఎదురైన సందర్భంలో ఏ సూత్రం పనికివస్తుందో గుర్తించి, తప్పు లేకుండా వాడి, వచ్చిన సమాధానం సబబుగా ఉన్నదో లేదో తేల్చుకోగలగడం నైపుణ్యం. ఈ అర్థంలో చూసినప్పుడు ప్రతి కాలపు గణిత విద్యా తన విద్యార్థి నుండి ఏదో ఒక నైపుణ్యాన్ని ఆశించింది. అది ఏమిటి, ఎవరి నుండి ఆశించింది, ఎందుకు ఆశించింది అన్నవే చరిత్రకారుని ప్రశ్నలు.

2. గణిత గ్రంథం ఆశించిన విద్యార్థి

క్రీ.శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో జైన పండితుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రచించాడు. దీనిని ఎం. రంగాచార్య పరిష్కరించి ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రచురించారు. పావులూరి మల్లన ఈ గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మల్లన రాజరాజ నరేంద్రుని సమకాలికుడా, లేక ఆ తరువాతి తరాలవాడా అన్న విషయంలో సాహిత్య చరిత్రకారులలో భిన్నాభిప్రాయాలున్నా, తెలుగులో లభిస్తున్న తొలి శాస్త్ర గ్రంథాలలో ఇది ఒకటన్న విషయంలో వివాదం లేదు. మూలంలోని జైన సంబంధమైన ఉదాహరణల స్థానంలో మల్లన శైవ సంబంధమైన వాటిని చేర్చాడు. చదివేవారికి పరిచితమైన లోకం నుండి లెక్క పుట్టాలన్న ఎరుక ఈ మార్పులో కనిపిస్తుంది.

మహావీరుని గ్రంథం తొమ్మిది అధ్యాయాలుగా సాగుతుంది. పరిభాష, పరికర్మలు, భిన్నాలు, ప్రకీర్ణక సమస్యలు, త్రైరాశికం, మిశ్రక వ్యవహారం, క్షేత్రగణితం, ఖాతగణితం, ఛాయాగణితం అన్నవి వాటి విషయాలు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. పరికర్మలలో మొదటిది గుణకారం. సామాన్యమైన కూడిక, తీసివేతలను గ్రంథకర్త బోధించడు. సంకలితం, వ్యుత్కలితం అనే పేర్లతో ఆ అధ్యాయం చివర వచ్చేవి శ్రేఢుల మొత్తాలకు సంబంధించినవి. అంటే గ్రంథం చేతికి వచ్చేసరికే విద్యార్థికి కూడడం, తీసివేయడం వచ్చి ఉండాలి. గ్రంథానికి వెలుపల, నోటిమాటగా సాగిన మరొక ప్రాథమిక గణిత విద్య ఉన్నదనడానికి ఇది పరోక్ష సాక్ష్యం.

గ్రంథం ఆశించిన మొదటి నైపుణ్యం అన్వయం. లెక్క పద్యంలో ఉంటుంది. సంఖ్యలు చాలాచోట్ల భూతసంఖ్యలుగా, అంటే వస్తువుల పేర్లతో సూచితమవుతాయి. బాణాలు అయిదు, చేతులు రెండు, చంద్రుడు ఒకటి. బాణ, కర, చంద్ర అని వరుసగా చెబితే, ఒకట్ల స్థానం నుండి ఎడమకు పేర్చుకొంటూ పోగా 125 వస్తుంది. విద్యార్థి ముందుగా పద్యాన్ని విడదీయాలి, పదాలను సంఖ్యలుగా మార్చాలి, ఏది తెలిసినది ఏది తెలియనిది అని వేరు చేయాలి. లెక్క చేయడం ఆ తరువాతి పని. నేటి పాఠశాలల్లో పదసమస్య అనగానే పిల్లలు తడబడేది సరిగ్గా ఈ తొలి మెట్టు దగ్గరే. భాషావగాహన గణితానికి బయటిది కాదు, గణిత నైపుణ్యంలో అది మొదటి భాగమని పద్యగణితం తన రూపంతోనే చెబుతున్నది.

రెండవ నైపుణ్యం సంబంధాన్ని గుర్తించడం. త్రైరాశికంలో ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులుంటాయి. అయిదు కుంచాల వడ్లకు ఇరవై రూకలైతే ఎనిమిది కుంచాలకు ఎన్ని అని అడిగితే అయిదు ప్రమాణం, ఇరవై ఫలం, ఎనిమిది ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే ముప్పైరెండు వస్తుంది. గుణకార భాగహారాలు వచ్చినవారెవరైనా ఈ పని చేయగలరు. ప్రమాణ, ఇచ్ఛలు ఒకే జాతివై ఉండాలని గుర్తించడం, ఇచ్ఛ పెరిగినప్పుడు ఫలితం పెరుగుతుందా తగ్గుతుందా అని ఆలోచించి వ్యస్త త్రైరాశికాన్ని వేరు చేయడం అసలు నైపుణ్యం. పది మంది కూలీలు ఆరు రోజులలో చేసే పనిని పదిహేను మంది ఎన్ని రోజులలో చేస్తారన్న ప్రశ్నకు తొమ్మిది అని చెప్పే విద్యార్థికి లెక్క వచ్చు, సంబంధం తెలియదు. మనుషులు పెరిగితే రోజులు తగ్గాలని తెలిసినవాడు నాలుగు అంటాడు.

మూడవది సంఖ్యలలోని అమరికను చూసి ఆనందించడం. మహావీరుడు గుణకార ప్రకరణంలో హారాల వంటి లబ్ధాలను కూర్చాడు. 139ని 109తో గుణిస్తే 15151 వస్తుంది. 152207ను 73తో గుణిస్తే 11111111 వస్తుంది. ఇవి అంగడిలో పనికివచ్చే లెక్కలు కావు. తాను చేసిన గుణకారం సరైనదో కాదో విద్యార్థికి సమాధానపు ఆకారమే చెబుతుంది. ఒక్క అంకె తప్పినా హారం తెగిపోతుంది. అభ్యాసం, ఆనందం, సరిచూసుకోవడం మూడూ ఒకే లెక్కలో ఇమిడిన బోధనా పద్ధతి ఇది.

గ్రంథంలో లేనిదాన్ని కూడా చెప్పాలి. సూత్రం ఉంటుంది, ఉదాహరణ ఉంటుంది, ఉపపత్తి ఉండదు. సూత్రం ఎందుకు నిజమో చెప్పడం గురువుకో, వ్యాఖ్యాతకో వదిలిన పని. ఒక సంఖ్యను సున్నతో భాగిస్తే ఆ సంఖ్య మారకుండా ఉంటుందని మహావీరుడు చెప్పిన సూత్రం సరికాదు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు అటువంటి రాశిని ఖహరమని వేరుగా గుర్తించి, దానిని అనంతంగా భావించాడు. కారణం అడిగే అలవాటు లేనిచోట సూత్రం ఎంత గొప్పవారిదైనా పొరపాటుతో సహా తరతరాలకు అందుతుంది.

3. వీధిబడి: జ్ఞాపకం, భిన్నం, కొలత

గణిత గ్రంథాలు పండితుల కోసం. సామాన్య గృహస్థుల, వర్తకుల, కరణాల పిల్లలు చదివింది వీధిబడిలో. ఈ బడుల గురించి విస్తృతమైన లిఖిత సమాచారం మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జరిపించిన విచారణ వల్ల లభిస్తున్నది. మన్రో 1826 నాటి నివేదికలో రాజధాని మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క తేలింది. సగటున బడికి పదిహేను మంది.

ఈ విచారణకు వచ్చిన సమాధానాలలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపినది బోధనా పద్ధతిని వివరించడంలో ప్రత్యేకమైనది. తెలుగు వ్యాకరణం (1816), తెలుగు నిఘంటువు (1821) రచించిన క్యాంబెల్ స్థానిక భాష తెలిసినవాడు. ఆనాటి బళ్ళారి జిల్లాలో 533 బడులుంటే వాటిలో 226 తెలుగువి, 235 కన్నడానివి. తక్కినవి మరాఠీ, ఫారసీ, సంస్కృతం, తమిళం, ఇంగ్లీషు నేర్పేవి.

పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడంతో చదువు మొదలయ్యేది. తెలుగువారు గుంట ఓనమాలన్నది దీనినే. రాయడం పట్టుబడ్డాక అంకెలు, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వచ్చేవి. ఎక్కాలనూ, భిన్నాలనూ, ధాన్యం, బరువు, పొడవుల కొలతల పట్టికలనూ పిల్లలు రోజుకు రెండుసార్లు వరుసలుగా నిలబడి, ముందువరుస విద్యార్థి ఒకరు చెబుతుండగా అందరూ కలిసి వల్లించేవారని క్యాంబెల్ వర్ణించాడు. భారతీయ భిన్నాలు పదింతలుగా కాక నాలుగింతలుగా దిగుతాయని కూడా అతడు గమనించాడు. పెద్దతరగతి పిల్లలు చిన్నవారికి నేర్పే పద్ధతిని అతడు మెచ్చుకొన్నాడు. మద్రాసులోని అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతిని 1797లో ప్రచురించిన నివేదిక ద్వారా ఇంగ్లండుకు పరిచయం చేసిన సంగతి విద్యాచరిత్రలో ప్రసిద్ధమే.

అదే క్యాంబెల్ మరొక లోపాన్ని కూడా ఎత్తి చూపాడు. బడులలో చదివించే కావ్యభాష పిల్లలకే కాక చాలామంది ఉపాధ్యాయులకూ అర్థం కాదనీ, చదువు నోటి వల్లింపుగా మిగులుతున్నదనీ విమర్శించాడు. తరువాతి తరాల విద్యాధికారులు ఈ విమర్శను గణితానికి కూడా వర్తింపజేసి, వీధిబడి అంటే బట్టీ అని తీర్పు చెప్పారు. ఇక్కడ ఒక తేడా విస్మృతమైంది. అర్థం తెలియని పద్యాన్ని వల్లించడం వేరు, రోజూ ఇంట్లో, అంగట్లో వాడే కొలతల పట్టికను వల్లించడం వేరు. తమిళనాట తిన్నె బడుల గణితాన్ని పరిశోధించిన సెంథిల్ బాబు, అక్కడ జ్ఞాపకం అనేది నేర్చుకొనే పద్ధతే గాని అర్థరహితమైన వల్లింపు కాదని వాదించారు. తెలుగు వీధిబడి విషయంలో ఈ వాదాన్ని పరీక్షించడానికి భిన్నాంకాల నిర్మాణం మంచి ఆధారం.

4. నాలుగింతల కొలమానం

తెలుగులో భిన్నాలకు కాలు, అర, ముక్కాలు, వీసం వంటి పేర్లున్నాయి. కాలు నాలుగవ వంతు, వీసం పదహారవ వంతు, అంటే కాలులో కాలు. వీటిని రాయడానికి ప్రత్యేకమైన గుర్తులుండేవి. నాలుగు బేసి ఘాతాలకు నిలువు గీతలు, సరి ఘాతాలకు అడ్డగీతలు వాడేవారు. ఏమీ లేనిచోట హళ్ళి అనే గుర్తు పెట్టేవారు. గీత నిలబడిందా పడుకొన్నదా అన్నదే దాని స్థానాన్ని తెలుపుతుంది. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1 ఈ ఏడు గుర్తులకూ స్థానం కల్పించింది. తూము గుర్తు కూడా వాటి పక్కనే చేరింది.

ఇప్పుడు ధాన్యపు కొలతలను చూడాలి. ప్రాంతాన్ని బట్టి తేడాలున్నా, ఎక్కువగా వినిపించే లెక్కలో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. తవ్వను మధ్యమెట్టుగా పక్కన పెడితే గిద్ద, సోల, మానిక, కుంచం, తూము అన్నీ నాలుగేసింతలుగా పెరుగుతాయి. తూమును ఒకటిగా తీసుకొంటే కుంచం కాలు, మానిక వీసం. భిన్నాంకాల పట్టిక, ధాన్యపు కొలతల పట్టిక రెండు వేరువేరు పాఠాలు కావు. ఒకే నిర్మాణానికి రెండు రూపాలు. నాణెాల లెక్క కూడా ఇదే దారిలో నడిచింది. రూపాయికి నాలుగు పావలాలు, పావలాకు నాలుగు అణాలు.

దీని ఫలితం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. తూము వడ్లు పది రూపాయలైతే ఒక తూము, మూడు కుంచాలు, రెండు మానికల వెల ఎంత? తూములో పదహారు మానికలు, రూపాయిలో పదహారు అణాలు. కనుక తూము ధర ఎన్ని రూపాయలో మానిక ధర అన్ని అణాలు. మానిక పది అణాలు, రెండు మానికలు రూపాయి పావలా. కుంచం రెండున్నర, మూడు కుంచాలు ఏడున్నర. మొత్తం పద్దెనిమిది రూపాయల పన్నెండు అణాలు, అంటే పద్దెనిమిదింముప్పావు. పలక అక్కరలేదు. పావు, అర, ముప్పావు ఎక్కాలు నోటికి వచ్చి ఉంటే చాలు.

ఈ లెక్కలో జ్ఞాపకం ఉన్నది, అయితే ఒంటరిగా లేదు. ధాన్యపు మెట్లకూ నాణెాల మెట్లకూ మధ్య పోలికను చూడగలిగినవాడికే ఆ జ్ఞాపకం పనికివచ్చింది. నేటి పరిభాషలో దీనిని అనుసంధానమంటున్నారు. ఎక్కాలు వల్లించడం ఆ నైపుణ్యానికి సాధనం. సాధనాన్ని చూసి లక్ష్యం అదేనని భావించడం వలన వీధిబడి గణితం మీద అసంపూర్ణమైన తీర్పు వచ్చింది.

5. బడికి వెలుపల ఉన్నవారు

ఇంతమాత్రాన వీధిబడిని ఆదర్శంగా నిలబెట్టడం చరిత్రకు న్యాయం కాదు. 1823 నాటి బళ్ళారి జిల్లా జనాభా 9,27,857. బడిలో ఉన్నవారు 6,641 మంది. ప్రతి వెయ్యి మందిలో సుమారు ఏడుగురే. వారిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ఇంటివద్ద చదువుకొన్నవారిని కలుపుకొన్నా, ఆ చదువు ఏయే ఇళ్ళలో సాగేదో ఊహించడం కష్టం కాదు.

లెక్క తెలియడం ఆనాటి గ్రామంలో అధికారం. పొలం కొలిచేది, పంట అంచనా వేసేది, శిస్తు కట్టేది, కవిలెలో రాసేది కరణం. కళ్ళంలో కుంచం ఎత్తి కొలిచే చేతికి లెక్క తెలుసు. కానీ ఆ కొలతను కవిలెలో ఎక్కించే చెయ్యి వేరు. రైతుకూ పాలేరుకూ కొలత అనుభవంలో ఉన్నా, రాతలోని లెక్కను ప్రశ్నించే శక్తి లేదు. వడ్డీ లెక్కను సరిచూసుకోలేని అప్పులవాడికి త్రైరాశికం ఎంత సులువైన సూత్రమైనా ఒరిగేది లేదు. కనుక నైపుణ్యం గురించిన ప్రశ్న ఎప్పుడూ అది ఎవరికి అందింది అనే ప్రశ్నతో కలిసే ఉంటుంది. పాత గణిత విద్య గుణాన్ని గురించి మాట్లాడేటప్పుడు దాని పరిధిని మరచిపోవడానికి వీల్లేదు.

6. పరీక్ష తెచ్చిన మార్పు

1854 నాటి వుడ్ విద్యా పత్రం తరువాత, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత బడి చదువుకు గమ్యం పరీక్ష అయింది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి ప్రాథమిక పాఠశాలలకు, వీధిబడులకు కూడా విస్తరించింది. తనిఖీ అధికారి వచ్చి చదవడం, రాయడం, లెక్కలలో పిల్లలను పరీక్షించేవాడు. ఎంతమంది నెగ్గితే అంత గ్రాంటు.

ఈ పద్ధతి బడుల సంఖ్యను పెంచింది, కులం హద్దులు దాటి కొందరికైనా చదువు అందించింది. అదే సమయంలో గణిత నైపుణ్యపు అర్థాన్ని మార్చింది. అధికారి ముందు చూపించగలిగేది కాగితం మీద మెట్లుమెట్లుగా చేసిన లెక్క. నోటిలెక్క, అంచనా, బేరసారాల చురుకుదనం కొలిచే వీలు లేనివి కనుక విలువ కోల్పోయాయి. ఎక్కాలు మాత్రం మిగిలాయి. ఏ కొలతలతో, ఏ నాణెాలతో కలిసి అవి అర్థవంతమయ్యాయో ఆ సంబంధం పాఠ్యపుస్తకంలో సన్నగిల్లింది. వీధిబడి బట్టీ చదువు అన్న విమర్శకు నిజమైన ఆధారం చాలావరకు ఈ దశలోనే తయారైంది. 19వ శతాబ్దిలో రూపొంది అనేక కూర్పులలో ఇంటింటికీ చేరిన పెద్దబాలశిక్ష ఎక్కాలను, కొలతలను, తిథివార నక్షత్రాలతో పాటు ఒకేచోట ఉంచి పాత లోకాన్ని కొంత నిలిపింది. అయితే అది ఇంటి పుస్తకం. పరీక్షకు పుస్తకం వేరు.

నిజాం రాష్ట్రంలో పరిస్థితి మరోరకం. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. గణితం వంటి శాస్త్రాలను భారతీయ భాషలో బోధించవచ్చని అది నిరూపించింది. కానీ తెలంగాణలోని తెలుగు పిల్లలకు ఆ భాష ఇంటిభాష కాదు. వడ్లను కుంచాలతో కొలిచే ఇంటి నుండి వచ్చిన పిల్లవాడు బడిలో మరో భాషలో లెక్క నేర్చుకోవలసి వచ్చింది. గణితంలో మొదటి మెట్టు అన్వయమని పద్యగణితం చెప్పిన సంగతిని ఇక్కడ తలచుకోవాలి.

7. దశాంశ పద్ధతి, అందరికీ గణితం

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెాలు వాడుకలోకి వచ్చాయి. 1956 నాటి తూనికలు, కొలతల చట్టాన్ని అనుసరించి 1958 నుండి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలైంది. వీశెలు, మణుగులు, మానికలు, తూములు అధికారిక వ్యవహారం నుండి తప్పుకొన్నాయి. వాటితో పాటు పావు, ముప్పావు ఎక్కాలు కూడా బడి నుండి వెళ్ళిపోయాయి. ఇది నష్టమని విచారించనవసరం లేదు. ఊరూరికీ మారే కొలతలు బలహీనుణ్ణి మోసగించడానికి అనువుగా ఉండేవి. దేశమంతటికీ ఒకే కొలత సమానత్వానికి దోహదం చేసింది.

అయితే పాత లెక్కలోని కీలకం కొత్త పద్ధతిలో కూడా ఉన్నది. క్వింటాలులో నూరు కిలోలు, రూపాయిలో నూరు పైసలు. క్వింటాలు ధర ఎన్ని రూపాయలో కిలో ధర అన్ని పైసలు. క్వింటాలు 2,300 రూపాయలైతే కిలో 2,300 పైసలు, అంటే 23 రూపాయలు. తూముకూ రూపాయికీ ఉన్న సంబంధాన్ని చూపిన వీధిబడి చూపు ఇక్కడ అలాగే పనిచేస్తుంది. దశాంశాల పాఠంలో బిందువును ఎటు జరపాలో చెప్పే సూత్రం ఉంటుంది. బిందువు ఎందుకు జరుగుతుందో చెప్పే ఈ సంబంధం సాధారణంగా ఉండదు. పోయినది కొలమానం కాదు, కొలమానాల మధ్య పోలికను చూసే అలవాటు.

1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారీ కమిషన్ మొదటి పది సంవత్సరాల చదువులో గణితం, విజ్ఞానశాస్త్రం అందరికీ తప్పనిసరి కావాలని సిఫారసు చేసింది. కరణం ఇంటి విద్య అయిన లెక్క ప్రతి ఆడపిల్లకూ, ప్రతి కూలివాని బిడ్డకూ హక్కు కావడం సామాజిక చరిత్రలో చిన్న విషయం కాదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదాలు సిద్ధం చేసి తెలుగులో ఉన్నత గణితానికి కూడా దారి వేసింది.

8. విద్యా ప్రమాణాలు: కొత్త పేర్లు, పాత ప్రశ్నలు

జాతీయ విద్యా ప్రణాళికా చట్రం 2005కు అనుబంధంగా వెలువడిన గణిత బోధన పత్రం పిల్లల ఆలోచనను గణితీకరించడమే పాఠశాల గణితపు ప్రధాన లక్ష్యమని ప్రకటించింది. గణితం పట్ల భయం, వెనుకబడినవారినీ ప్రతిభావంతులనూ ఇద్దరినీ నిరాశపరిచే పాఠ్యప్రణాళిక, యాంత్రికమైన మూల్యాంకనం, ఉపాధ్యాయుల తయారీలో కొరత అనే నాలుగు సమస్యలను గుర్తించింది. దీనిని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళికా పరిధి పత్రం రూపొందింది. తరువాతి గణిత పాఠ్యపుస్తకాలలో సమస్యా సాధన, కారణాలు చెప్పడం మరియు నిరూపణ, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అనే అయిదు విద్యా ప్రమాణాలు చేరాయి. అమెరికాలోని గణితోపాధ్యాయుల జాతీయ మండలి 2000లో ప్రకటించిన అయిదు ప్రక్రియా ప్రమాణాలతో ఇవి సరిపోలుతాయి.

ఈ జాబితాను తెలుగు గణిత విద్యా చరిత్ర పక్కన పెట్టి చూస్తే రెండు విషయాలు స్పష్టమవుతాయి. సమస్యా సాధన త్రైరాశికంలో ఉన్నది. వ్యక్తపరచడం పద్యాన్ని అన్వయించడంలో ఉన్నది. అనుసంధానం కొలమానాలకూ నాణెాలకూ మధ్య ఉన్నది. ప్రాతినిధ్యపరచడం నిలువు, అడ్డగీతల భిన్నాంకాలలో ఉన్నది. వీటిలో బయటి నుండి వచ్చినది పేరే. కారణాలు చెప్పడం, నిరూపణ మాత్రం పాత చదువులో బలహీనంగా ఉన్నవి. అడిగే హక్కు విద్యార్థికి ఉన్నప్పుడే అవి పెరుగుతాయి. కొత్త ప్రమాణాలలో నిజంగా కొత్తది, అందుకే అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది ఇదే.

ఆచరణలో పరిస్థితి వేరు. ప్రమాణాలు పుస్తకం ముందుమాటలో ఉన్నాయి. ప్రశ్నపత్రం పాత దారిలో నడిస్తే బోధన ప్రశ్నపత్రం వెంటే నడుస్తుంది. కారణం చెప్పమన్న ప్రశ్నకు కూడా గైడులో కారణం అచ్చై ఉంటే విద్యార్థి దానినీ వల్లిస్తాడు. 2022 నాటి అసర్ నివేదిక ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాలలో అయిదవ తరగతి పిల్లలలో భాగహారం చేయగలిగినవారు 25.6 శాతం. అదే సమయంలో, 2025లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ అంగళ్ళలో పనిచేసే పిల్లలు సరుకుల లెక్కలను నోటితో చకచకా చేస్తున్నా, అదే స్థాయి బడిలెక్కలలో తడబడుతున్నారని చూపింది. అంగడి పనికి పోని బడిపిల్లలు కాగితపు లెక్కలు చేసినా అంగడిలెక్కలో వెనుకబడ్డారు. పరీక్షా విధానం 19వ శతాబ్దిలో నోటిలెక్కనూ రాతలెక్కనూ విడదీసింది. ఆ చీలిక ఇంకా పూడలేదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆంగ్ల మాధ్యమం విస్తరిస్తున్న ఈ దశాబ్దంలో ఈ చీలికకు మరో పొర చేరింది. ఒకే పుటకు ఎదురెదురుగా రెండు భాషల్లో పాఠం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఒక అవకాశం. ఇంటి భాషలో లెక్కను అన్వయించుకొని, రెండవ భాషలో రాయగలిగే వీలు అవి కల్పించగలవు. ఎడమవైపు పుట తెరవకుండానే ఏడాది గడిచిపోతే ఆ అవకాశం అచ్చుకే పరిమితమవుతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ నిర్ధారణలు చేయవచ్చు.

1. తెలుగు గణిత విద్యలో అన్వయం, సంబంధాన్ని గుర్తించడం, అనుసంధానం, సరిచూసుకోవడం అనే నైపుణ్యాలకు దీర్ఘ చరిత్ర ఉంది. వాటిని కొత్తగా దిగుమతి అయినవిగా బోధించనక్కరలేదు.

2. వీధిబడిలో జ్ఞాపకం కొలతలతో, నాణెాలతో ముడిపడి అర్థవంతమైంది. ఆ ముడి తెగినప్పుడు అది బట్టీ అయింది. ఎక్కాలు నేర్పాలా వద్దా అన్న వాదం కంటె ఎక్కాలను దేనితో కలిపి నేర్పాలి అన్న ప్రశ్న ప్రయోజనకరం.

3. పాత విద్య కొద్దిమందికే అందింది, కారణం అడగనివ్వలేదు. అందరికీ గణితం, నిరూపణకు స్థానం అన్నవి ఆధునిక విద్య సాధించవలసిన రెండు ప్రత్యేక లక్ష్యాలు.

4. మూల్యాంకనం నోటిలెక్కనూ, అంచనానూ, వివరణనూ లెక్కలోకి తీసుకోనంత కాలం విద్యా ప్రమాణాలు కాగితం మీదే ఉంటాయి.

తెలుగు శాఖలకు ఇందులో చేయవలసిన పని ఉంది. పావులూరి గణితం వంటి గ్రంథాలను ప్రతిపదార్థంతో, గణిత వివరణతో పాఠశాల ఉపాధ్యాయునికి అందేలా పరిష్కరించాలి. ప్రాంతాలవారీగా కొలతల పదకోశాలు, వాటిని వాడిన వృద్ధుల నోటిలెక్కలు సేకరించాలి. ఆ లెక్కలు చేసిన తరం తగ్గిపోతున్నది. తూముకూ రూపాయికీ ఉన్న సంబంధాన్ని నోటితో చెప్పగలిగేవారు ఇంకా కొందరున్న ఈ కాలంలోనే ఆ సేకరణ జరగాలి.